టూ పవర్ జీరో ఒకటెందుకు? పెద్ద పవర్లు చేత్తో వేయడం ఎలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. బీఏలో స్పెషల్ తెలుగు చేశాను, ఇప్పుడు రైల్వే, బ్యాంకు ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. టెన్త్ తర్వాత లెక్కల మొహం చూళ్ళేదు. శాతాలు, నిష్పత్తులు ఎలాగోలా వస్తున్నాయి గానీ ఘాతాంకాల దగ్గర ఆగిపోతున్నా. 2³ చూడగానే చెయ్యి 6 అని రాసేస్తోంది. 2⁰ సున్నా ఎందుకు కాదంటే "రూల్ అంతే, గుర్తుపెట్టుకో" అంటున్నారు. మైనస్ పవర్ అంటే ఇంకా భయం. 2²⁰, 3¹³ లాంటివి క్యాలిక్యులేటర్ లేకుండా ఎలా వేస్తారు? 7⁹⁵లో చివరి అంకె ఎంత అని అడుగుతారు, అంత పెద్ద సంఖ్య ఎవరు వేస్తారు సార్? తెలుగు చదువుకున్న నాలాంటి దానికి అర్థమయ్యేలా చెప్పండి.

సమాధానం:

చెల్లెమ్మా, నువ్వు స్పెషల్ తెలుగు చేశావు కాబట్టే ఈ చాప్టర్ నీకు మిగతావాళ్ళకంటే తొందరగా రావాలి, ఎందుకంటే ఘాతాంకాల లెక్క సగం నువ్వు ఛందస్సులో ఆల్రెడీ చేసేసావు, అది లెక్క అని ఎవరూ చెప్పలేదంతే.

మూడక్షరాల గణాలు ఎన్ని? య మ త ర జ భ న స, ఎనిమిది. ఆరెందుకు కాలేదు? అక్షరాలు మూడు, ఒక్కో అక్షరం గురువో (గ) లఘువో (ల), అంటే రెండు రకాలు, మరి రెండు మూళ్ళు ఆరు అవ్వాలి కదా? అవ్వదు. మొదటి అక్షరం రెండు రకాలు, ఆ రెండింటిలో ప్రతిదానికీ రెండో అక్షరం మళ్ళీ రెండు రకాలు, అంటే నాలుగయ్యాయి (గగ, గల, లగ, లల), ఆ నాలుగింటిలో ప్రతిదానికీ మూడో అక్షరం మళ్ళీ రెండు రకాలు, ఎనిమిదయ్యాయి. 2 × 2 × 2 = 8. ఇదే 2³. కింద ఉన్న 2ని భూమి అంటారు, పైన చిన్నగా ఉన్న 3ని ఘాతాంకం అంటారు, ఆ 3 గుణించాల్సిన సంఖ్య కాదు, 2ని ఎన్నిసార్లు వేసి గుణించాలో చెప్పే లెక్క. ఇకమీదట 2³ చూసి చెయ్యి 6 రాయబోతే గణాలు ఆరా ఎనిమిదా అని ఒక్కసారి అడుగు, చెయ్యి దానంతటదే ఆగుద్ది.

ఈ ఒక్క మాట, "ఎన్నిసార్లు గుణించాం", గట్టిగా పట్టుకుంటే పుస్తకంలో ఇచ్చిన ఘాతాంక న్యాయాలు ఒక్కటి కూడా బట్టీ పట్టక్కర్లేదు. మూడక్షరాల ముక్కకి నాలుగక్షరాల ముక్క అతికిస్తే ఏడక్షరాల ముక్క వస్తుంది, కాబట్టి 2³ × 2⁴ = 2⁷, 8 పదహార్లు 128, సరిపోయింది. పవర్లు కలిపాం, ఎందుకంటే మూడుసార్లు గుణించినదాన్ని ఇంకో నాలుగుసార్లు గుణించాం, మొత్తం ఏడుసార్లు. భాగించేటప్పుడు కొన్ని కొట్టేస్తాం కాబట్టి తీసివేత, 2⁵ ÷ 2² = 2³. (2³)² అంటే మూడు చొప్పున రెండు దఫాలు, ఆరు, 2⁶, అంటే 64. అంతే న్యాయాలు.

కూడిక దగ్గర మాత్రం జాగ్రత్త, ఎగ్జామ్‌లో ఎక్కువమంది పడేది ఇక్కడే. 2³ + 2⁴ అంటే 2⁷ కాదు, 8 + 16 = 24, దానికి షార్ట్‌కట్ ఏమీ లేదు. కానీ 2³ + 2³ ఇస్తే అది రెండు 2³లు, అంటే 2 × 2³, అంటే 2⁴. ఇలాంటివి ఆప్షన్లలో కావాలని పెడతారు, 2⁶ కూడా ఒక ఆప్షన్‌గా ఉంటుంది, చూసుకో.

ఇప్పుడు 2⁰ సంగతి. నీకు రూల్ అంతే అని చెప్పినవాళ్ళ మీద నాకు కోపం లేదు గానీ ఆ జవాబు మాత్రం అస్సలు ఒప్పుకోను, లెక్కల్లో ఎందుకు అని అడిగిన పిల్లకి అలా చెప్తే ఆ పిల్ల ఇంకోసారి అడగదు. కాగితం మీద పై నుంచి కిందకి రాయి: 2⁴ = 16, 2³ = 8, 2² = 4, 2¹ = 2. ఒక్కో మెట్టు దిగినప్పుడు పవర్ ఒకటి తగ్గుతోంది, విలువ సగమవుతోంది. ఇంకో మెట్టు దిగు. పవర్ 1 నుంచి 0 అయ్యింది, 2లో సగం ఎంత? ఒకటి. సున్నా ఎక్కడా రాలేదు, సగం చేసుకుంటూ పోతే సున్నా ఎప్పటికీ రాదు కూడా. ఇంకా దిగు, ఆగక్కర్లేదు: 2⁻¹ = 1/2, 2⁻² = 1/4, 2⁻³ = 1/8. మైనస్ పవర్ అంటే ఇంతే, అది నెగెటివ్ సంఖ్య కాదు, ఒకటి కంటే కిందకి దిగాం అని గుర్తు. 2⁻³ని −8 అని రాసేవాళ్ళు చాలామంది, వాళ్ళంతా ఈ మెట్లు ఒక్కసారి రాసుకుంటే చాలు. భూమి 3 అయితే సగానికి బదులు మూడో వంతు, 10 అయితే పదో వంతు, కానీ దిగి దిగి ఆ సున్నా పవర్ మెట్టు దగ్గర మాత్రం ఏ సంఖ్యైనా ఒకటే అవుద్ది (భూమి సున్నా కాకుండా ఉంటే చాలు, సున్నాతో భాగించలేం కదా).

పవర్‌లో భిన్నం వస్తే కూడా అదే ఆలోచన. 9 పవర్ 1/2 అంటే, దాన్ని దానితోనే గుణిస్తే పవర్లు కలిసి 1/2 + 1/2 = 1 అయ్యి 9 రావాలి, ఏ సంఖ్యని దానితోనే గుణిస్తే 9 వస్తుంది? 3. అంటే 1/2 పవర్ అనేది వర్గమూలం. 8 పవర్ 2/3 అంటే ముందు ఘనమూలం 2, తర్వాత దాని వర్గం 4.

ఇంక పెద్ద పవర్లు. ఇది నాకు ఈ చాప్టర్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఎందుకంటే 2²⁰ని ఐదంటే ఐదు గుణకారాల్లో తేల్చే పద్ధతి ఛందస్సు రాసినాయనే ఇచ్చాడు. పింగళుడి పేరు నువ్వు వినే ఉంటావు, ఛందశ్శాస్త్రం ఆయనది, క్రీస్తు పూర్వం రెండు మూడు శతాబ్దాల నాటివాడని ఎక్కువమంది చెప్తారు. ఇన్ని అక్షరాల పాదానికి మొత్తం ఎన్ని రకాల వృత్తాలు (అంటే గురులఘువుల వరసలు) వస్తాయి అనేది ఆయనకి కావాల్సిన లెక్క, అంటే 2 పవర్ అక్షరాల సంఖ్య. దానికి చిన్న చిన్న సూత్రాలు నాలుగు పెట్టాడు: ద్విరర్ధే, రూపే శూన్యమ్, ద్విః శూన్యే, తావదర్ధే తద్గుణితమ్. పదో శతాబ్దంలో హలాయుధుడు దీనికి వ్యాఖ్యానం రాసి విడమరిచి చెప్పాడు.

మన భాషలో చెప్తా. పవర్ సరి సంఖ్య అయితే సగం చెయ్యి, పక్కన 2 అని గుర్తు పెట్టు. బేసి అయితే ఒకటి తీసెయ్యి, పక్కన సున్నా గుర్తు పెట్టు. సున్నా వచ్చేదాకా ఇలా దిగు. తర్వాత 1తో మొదలుపెట్టి వచ్చిన దారినే వెనక్కి ఎక్కు: సున్నా గుర్తు ఉన్నచోట రెట్టింపు చెయ్యి, 2 గుర్తు ఉన్నచోట ఉన్నదాన్ని దానితోనే గుణించు.

20 తీసుకుందాం, అంటే పాదానికి ఇరవై అక్షరాలతో మన ఉత్పలమాల, మత్తేభం ఉండే కృతి ఛందస్సు. దిగడం: 20, 10, 5, 4, 2, 1, 0. ఎక్కడం: 1 రెట్టింపు 2, వర్గం 4, వర్గం 16, రెట్టింపు 32, వర్గం 1024, వర్గం 10,48,576. అయిపోయింది. చివరి వర్గం చూసి భయపడకు, 1024 అంటే 1000 + 24, దాని వర్గం 10,00,000 + 48,000 + 576, నోటితోనే వచ్చేస్తుంది. మామూలుగా రెండుని ఇరవైసార్లు రాసి గుణిస్తే 19 గుణకారాలు, ఇక్కడ మొదట్లో ఒకటిని రెండు చేయడం వదిలేస్తే ఐదు. అంటే ఇరవై అక్షరాల పాదాలు పది లక్షల నలభై ఎనిమిది వేల పైచిలుకు రకాలు సాధ్యం, వాటిలో మన కవులు నాలుగైదు చాలనుకున్నారు.

భూమి 2 అవ్వక్కర్లేదు, రెట్టింపు బదులు ఆ భూమితో గుణిస్తే సరి. 3¹³ అడిగావు కదా. దిగడం: 13, 12, 6, 3, 2, 1. ఎక్కడం: 3, వర్గం 9, మూడుతో గుణిస్తే 27, వర్గం 729, వర్గం 5,31,441, మళ్ళీ మూడుతో గుణిస్తే 15,94,323. ఎగ్జామ్‌లో ఇంతదాకా వేయమనడం అరుదు, కానీ ఒక్కసారి చేత్తో వేసి చూస్తే ఆ భయం పోతుంది. ఇప్పటికీ కంప్యూటర్లు పెద్ద పవర్లు వేసేది ఈ సగం చేసి వర్గం చేసే పద్ధతిలోనే. ఆన్‌లైన్‌లో రహస్య సమాచారం దాచడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో 65537 అనే పవర్ ఎక్కువగా పెడతారు, అది 2¹⁶ + 1, అంటే 16 సార్లు వర్గం చేసి ఒక్కసారి గుణిస్తే అయిపోద్ది, అందుకే దాన్ని ఎంచుకున్నారు.

ఉత్పలమాల ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి చూపించనీ. లక్షణాల్లో ఉత్పలమాల కృతి ఛందంలో 355799వ వృత్తం అని చదివే ఉంటావు, ఆ నంబరు ఎక్కడిదో ఎవరైనా చెప్పారా? భ ర న భ భ ర వ. గురులఘువులు వరసగా రాయి: గలల గలగ లలల గలల గలల గలగ లగ. ఇప్పుడు మొదటి అక్షరం మీద 1, రెండో దాని మీద 2, మూడో దాని మీద 4, అలా రెట్టింపు చేసుకుంటూ ఇరవయ్యో అక్షరం దాకా వెళ్ళు, అంటే 2⁰, 2¹, 2² అనుకుంటూ 2¹⁹ దాకా. లఘువు ఉన్నచోట ఉన్న సంఖ్యలు మాత్రమే కూడు. లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో ఉన్నాయి, కాబట్టి 2 + 4 + 16 + 64 + 128 + 256 + 1024 + 2048 + 8192 + 16384 + 65536 + 262144 = 355798. ఒకటి కలుపు, 355799. మొదటి అక్షరం దగ్గర 2⁰ ఒకటి అని తీసుకోకపోతే ఈ లెక్క మొత్తం చెడిపోద్ది, అక్కడ సున్నా పెట్టి ఏదైనా లఘువుతో మొదలయ్యే గణం వేసి చూడు, మ గణానికీ (గగగ) య గణానికీ (లగగ) ఒకటే నంబరు వచ్చి కూర్చుంటుంది. పైన మెట్లు దిగినప్పుడు 2⁰ ఒకటి అవ్వాల్సి వచ్చింది, ఇక్కడ కూడా ఒకటే అవ్వాల్సి వస్తోంది, చూశావా.

7⁹⁵ దగ్గరికొద్దాం. ఆ సంఖ్యని ఎవరూ వేయరమ్మా, వేయమని అడగట్లేదు కూడా, చివరి అంకె ఒక్కటే అడుగుతున్నారు. గుణకారంలో జవాబు చివరి అంకె ఎప్పుడూ రెండు సంఖ్యల చివరి అంకెల మీదే ఆధారపడుద్ది, ముందున్న అంకెలతో పనిలేదు. కాబట్టి చివరి అంకెల్నే మోసుకెళ్దాం: 7, తర్వాత 49లో 9, తొమ్మిదేళ్ళు అరవైమూడులో 3, మూడేళ్ళు ఇరవైఒకటిలో 1, ఒకటిని ఏడుతో గుణిస్తే మళ్ళీ 7. అంటే 7, 9, 3, 1 ఇవే తిరుగుతుంటాయి, నాలుగుకోసారి. 95ని 4తో భాగిస్తే శేషం 3, మూడోది 3. జవాబు 3. ఏ అంకెకైనా నాలుగుకి మించి తిరగదు, కాబట్టి పవర్ ఎంత పెద్దదైనా 4తో భాగించి శేషం చూడటమే పని. 0, 1, 5, 6తో ముగిసే సంఖ్యలకి అదీ అక్కర్లేదు, ఏ పవర్ వేసినా చివర అదే అంకె. ఒక్కచోట మోసపోవచ్చు: శేషం సున్నా వస్తే. 2⁴⁰ చివరి అంకె అడిగారనుకో, శేషం 0, కాబట్టి 2⁰ = 1 అనేస్తారు చాలామంది, తప్పు. శేషం సున్నా అంటే వరసలో నాలుగోది అని, 2, 4, 8, 6లో నాలుగోది 6. రెండుని గుణించుకుంటూ పోతే చివర 1 రావడం ఎలాగూ కుదరదు, సరి సంఖ్య కదా, ఆ మాత్రం చూసుకున్నా దొరికిపోద్ది.

బ్రాకెట్ల గురించి నువ్వు అడగలేదు గానీ మార్కులు పోయేది అక్కడే కాబట్టి చెప్తున్నా. (−2)⁴ అంటే మైనస్‌తో సహా నాలుగుసార్లు, జవాబు 16. బ్రాకెట్ లేకుండా −2⁴ అని ఉంటే పవర్ 2కి మాత్రమే, ముందు 16 వేసి తర్వాత మైనస్, −16. అలాగే పవర్ మీద పవర్ బ్రాకెట్ లేకుండా ఉంటే పైనుంచి దిగాలి: 2 మీద 3, ఆ 3 మీద 2 ఉంటే ముందు 3² = 9, తర్వాత 2⁹ = 512. అదే (2³)² అయితే 64. రెండూ ఒకటే అనుకుంటే ఆప్షన్లలో రెండూ కనపడతాయి.

2³⁰ పెద్దదా 3²⁰ పెద్దదా లాంటివి కూడా వస్తాయి, విలువ వేయకు, పవర్లు ఒకటే అయ్యేలా మార్చు. 2³⁰ అంటే (2³)¹⁰, 8¹⁰. 3²⁰ అంటే 9¹⁰. రెండోదే పెద్దది, పది సెకన్ల పని.

ఎగ్జామ్ కాకుండా ఇంట్లో పనికొచ్చేది కూడా ఒకటి చూడు, ఇది నేను క్లాసులో తప్పకుండా చేయిస్తా. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి లక్ష అప్పు తీసుకున్నారనుకో, నెలకి వందకి రెండు. బారువడ్డీ అయితే ఏడాదికి 24,000, మూడేళ్ళకి 72,000, ఇది గుణకారం. నెలనెలా వడ్డీని అసల్లో కలిపే చక్రవడ్డీ అయితే ప్రతినెలా ఉన్న మొత్తం 1.02 రెట్లు అవుద్ది, ఏడాదికి 1.02¹². పన్నెండుని సగం చేసుకుంటూ రా: 12, 6, 3. ఇప్పుడు ఎక్కు: 1.02 వర్గం 1.0404, ఇంకో 1.02 వేస్తే 1.061208, వర్గం 1.126162, వర్గం 1.268242. అంటే ఏడాదికి వడ్డీ దాదాపు 26,824. మొదటి ఏడాది తేడా మూడు వేల లోపే, పెద్దగా అనిపించదు. దాన్నే ఘనం చేస్తే మూడేళ్ళ లెక్క, దాదాపు 2.04, అంటే లక్షకి కట్టాల్సింది రెండు లక్షల నాలుగు వేల దగ్గరికొచ్చింది, బారువడ్డీలో అది 1,72,000 మాత్రమే. నోటు మీద సంతకం పెట్టేముందు అది బారువడ్డీనా చక్రవడ్డీనా, చక్రవడ్డీ అయితే నెలకా ఏడాదికా అని అడగమని మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పు, పవర్‌లో 3 ఉందా 36 ఉందా అన్నది అక్కడే తేలేది.

ప్రిపరేషన్ విషయానికి వస్తే, రెండుకి పవర్లు 2¹⁰ దాకా, మూడుకి 3⁶ దాకా, ఐదుకి 5⁴ దాకా, 30 దాకా వర్గాలు, 12 దాకా ఘనాలు నోటికి ఉండాలి, ఇవి మాత్రం బట్టీయే, వేరే దారి లేదు, కానీ రోజూ కొంచెం రాసుకుంటే పెద్ద కష్టం కాదు. 2¹⁰ అంటే సుమారుగా వెయ్యి అని గుర్తుంచుకో, చాలాచోట్ల ఆదుకుంటుంది: 2¹⁰⁰ అంటే (2¹⁰)¹⁰, వెయ్యి కంటే కొంచెం పెద్దదాన్ని పదిసార్లు, అంటే 1 పక్కన ముప్పై సున్నాల కంటే కొంచెం పెద్దది, కాబట్టి 31 అంకెల సంఖ్య. న్యాయాలు మాత్రం గోడ మీద అతికించి చదవకు, అనుమానం వచ్చిన ప్రతిసారీ చిన్న సంఖ్యలు పెట్టి విడదీసి రాసి చూసుకో, కొన్నాళ్ళకి రాయకుండానే కనపడుద్ది.

నీకో లెక్క ఇస్తున్నా, ఎగ్జామ్‌లో రాదు గానీ ఇది చేస్తే చాప్టర్ మొత్తం రివిజన్ అయినట్టే. చంపకమాల తీసుకో, న జ భ జ జ జ ర, 21 అక్షరాలు. ముందు పింగళుడి పద్ధతిలో 2²¹ వెయ్యి, తర్వాత లఘువుల స్థానాలు కూడి దాని వృత్త సంఖ్య కట్టు. 711600 రావాలి. అది ఉత్పలమాల నంబరు 355799కి రెట్టింపు కంటే సరిగ్గా 2 ఎక్కువ, ఎందుకలా వచ్చిందో కూడా ఆలోచించు, ఉత్పలమాలలో మొదటి గురువు తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల అవుద్దని నీకు తెలుసు కదా, అక్కడే ఉంది జవాబు. ఎక్కడైనా ఆగిపోతే లెక్క వేసిన కాగితం ఫోటో తీసి పంపు, ఏ అక్షరం దగ్గర తేడా వచ్చిందో చూసి చెప్తా.